యూకే ఎంఎక్స్-5నా, జపాన్ నుంచి వచ్చిన యూనోసా? రెండు బండ్ల మధ్య ఇరుక్కున్నాను

#1 రెండుసీట్లు_చాలు

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుకుంటూ పోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అడగక తప్పట్లేదు. పాప్-అప్ హెడ్‌లైట్లున్న మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 కొందామని చలికాలం నుంచి వెతుకుతున్నాను. మేముండేది ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ దగ్గర. ఆఫీసుకి వేరే కారుంది. ఇది ఆదివారాలకి, ఎండ కాసిన సాయంత్రాలకి. ఈ దేశంలో అవి ఎన్ని ఉంటాయో మీకు తెలియంది కాదు.

రెండు బండ్లు చూసి పెట్టుకున్నాను.

ఒకటి ఎరుపు, 1991 యూకే బండి, 1.6 లీటర్ ఇంజన్. సర్వీస్ బుక్ నిండా స్టాంపులు, ముగ్గురు ఓనర్లు, 84,000 మైళ్ళు. ఏసీ లేదు.

రెండోది 1992 యూనోస్ రోడ్‌స్టర్, వీ-స్పెషల్. ముదురు ఆకుపచ్చ, లోపల తేనెరంగు లెదర్, చెక్క స్టీరింగ్, ఏసీ. జపాన్ నుంచి 2003లో వచ్చింది. మీటర్ 1,18,000 చూపిస్తోంది. అడుగుతున్న ధర ఎరుపుదానికంటే కాస్త ఎక్కువ.

మా ఆవిడ ఆకుపచ్చదాని ఫొటో చూసి "ఇంకా ఆలోచించేదేముంది?" అంది. ఆఫీసులో ఒకాయన మాత్రం "ఇంపోర్ట్ జోలికి పోకు. పార్ట్స్ దొరకవు, ఇన్సూరెన్స్ వాళ్ళు మొహం తిప్పుకుంటారు, రేపు అమ్మబోతే కొనేవాడుండడు" అని హడలగొట్టాడు. ఇందులో ఎంత నిజం?

#2 స్పానర్_బాబాయ్

రండి తమ్ముడూ, చివరికి నోరు విప్పారు.

ముందు ఒక మాట. మీ ఎరుపు బండి కూడా జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిందే. రెండూ హిరోషిమాలో పుట్టిన అన్నదమ్ములు. ఒకటి కొత్తగా ఉన్నప్పుడే షోరూం కోసం వచ్చింది, ఇంకోటి అక్కడ పదేళ్ళు తిరిగి వచ్చింది, అంతే తేడా. జపాన్‌లో మాజ్దా వాళ్ళు దీన్ని యూనోస్ అనే వేరే షోరూంల ద్వారా 1989 సెప్టెంబర్ నుంచి అమ్మారు కాబట్టి ఆ పేరు. ఇక్కడికి 1990 మార్చిలో వచ్చింది.

పార్ట్స్ దొరకవన్న మాట పట్టించుకోకండి. ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, సస్పెన్షన్ చాలావరకు ఒకటే. తేడా వచ్చేది చిల్లర విషయాల్లో. వెనక నంబర్ ప్లేట్ గూడు యూనోస్‌కి చిన్నగా చతురస్రంలా ఉంటుంది, ఇక్కడి పొడుగు ప్లేట్ అందులో పట్టదు. వెనక ఫాగ్ లైట్ వచ్చాక బిగించిందే. రేడియో వేరు. ఇంజన్ పవర్ కాగితం మీద యూనోస్ 1.6కి 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), యూకే 1.6కి 115. ఆ అయిదు గుర్రాలూ ఎక్కడున్నాయో నేను పాతికేళ్ళుగా వెతుకుతున్నా, దొరకలేదు.

ఇక ఎరుపు బండి 1991 అన్నారు. ఏ నెల? 1991 మధ్య వరకు వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొస, అంటే క్రాంక్ ముక్కు, పొట్టిది. ముందు పుల్లీ బోల్టు ఒకసారి సరిగ్గా బిగించకపోతే కీ గాడి అరిగి, పుల్లీ ఊగడం మొదలెడుతుంది. అప్పుడు క్రాంక్ షాఫ్ట్ ఖర్చే. టార్చ్ వేసి పుల్లీ మధ్యలో చూడండి. నాలుగు గాళ్ళుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. ఇది యూకే, జపాన్ రెంటికీ వర్తిస్తుంది.

#3 వీ_స్పెషల్_పిచ్చి

ఇందులో చర్చేముంది బ్రో, ఆకుపచ్చదే! నార్డీ చెక్క స్టీరింగ్, అదే చెక్కతో గేర్ నాబ్, ఆ లెదర్ వాసన. యూకే బండ్లలో చాలావాటికి ఏసీ లేదు. పైగా జపాన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లరు కాబట్టి కింద తుప్పు ఉండదు. కళ్ళు మూసుకుని తీసుకోండి.

#4 తుప్పుభయం

కళ్ళు మూసుకుని తీసుకున్నవాణ్ణి నేనే. తెరిచాక ఏం కనిపించిందో చెప్తా.

ఏడేళ్ళ కిందట ఒక యూనోస్ కొన్నా. "జపాన్ బండి సార్, తుప్పు అనే మాటే లేదు" అన్నాడు అమ్మినాయన. పైన అద్దంలా మెరుస్తోంది. మొదటి ఎంఓటీకి, అంటే ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్షకి, తీసుకెళ్తే టెస్టర్ లిఫ్ట్ మీద పెట్టి, వెనక చక్రం ముందు సిల్ (తలుపు కింద పొడుగునా ఉండే రేకు) దగ్గర వేలితో ఇలా నొక్కాడు. వేలు లోపలికి పోయింది. నిజంగానే పోయింది. అట్టముక్కలా. బయట సిల్ ఒలిస్తే లోపలి సిల్ లేదు, దాని స్థానంలో తడి మట్టి, ఎండుటాకులు. రెండు వైపులా వెల్డింగ్‌కి, పెయింట్‌కి కలిపి 1,600 పౌండ్లు.

ఆ బండి జపాన్ నుంచి వచ్చింది 2001లో. నేను కొనేనాటికి ఇక్కడి ఉప్పులో పదహారు చలికాలాలు గడిపింది. జపాన్‌లో ఉన్నన్నాళ్ళు తుప్పు పట్టలేదన్నది నిజమే కావచ్చు. కానీ ఇక్కడికి వచ్చినరోజు కింద తుప్పు ఆపే అండర్‌సీల్ వేయించాలని ఎవరికీ తోచలేదు. "తుప్పు లేదు కదా" అనే ధీమాతో వదిలేశారు. యూకే ఓనరైతే భయపడి ఏదో ఒకటి పూయించేవాడు.

రెండుసీట్లు గారూ, మీది 2003లో వచ్చింది. ఇరవై ఏళ్ళు పైమాటే. తుప్పు సంగతికొస్తే అది ఇప్పుడు యూకే బండే. పాస్‌పోర్ట్ చూసి మోసపోకండి.

పిచ్చి బ్రో, జపాన్‌లో ఉప్పు చల్లరని ఎవరన్నారు? హొక్కైదోలో, ఉత్తరాదిన, మంచు విపరీతంగా పడే పడమటి తీరంలో చల్లుతారు. ఒసాకా వైపు తిరిగిన బండీ సప్పోరోలో తిరిగిన బండీ ఒకటి కావు.

#5 వీ_స్పెషల్_పిచ్చి

సరే అన్నా, ఉప్పు విషయంలో ఒప్పుకుంటా. లెదర్ విషయంలో మాత్రం ఒప్పుకోను 😄

#6 లెక్కల_మాస్టారు

నాకు తుప్పుకంటే ఆ 1,18,000 మీద అనుమానంగా ఉంది. 1,18,000 ఏమిటి? మైళ్ళా, కిలోమీటర్లా?

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే ఎంఓటీ చరిత్ర ఉచితంగా వస్తుంది, 2005 నుంచీ ఉంటుంది. ప్రతి ఏడాదీ మీటర్ ఎంత చూపించిందో రాసుంటుంది. రెండు బండ్లవీ తీసి ఇక్కడ పెట్టండి.

#7 రెండుసీట్లు_చాలు

తీశాను మాస్టారూ.

ఎరుపుది: ఏటా రెండు మూడు వేల మైళ్ళు, ఎక్కడా తేడా లేదు. కానీ 2016లో "సిల్ తుప్పు" అని హెచ్చరిక, 2017లో అదే కారణంతో ఫెయిల్, వారం తర్వాత పాస్. 2021లో మళ్ళీ ఇంకో వైపు హెచ్చరిక.

ఆకుపచ్చది: 2006లో 79,200. 2012లో 96,000. 2019లో 1,12,000. 2024లో 1,18,000. అన్నిట్లోనూ పక్కన "మైళ్ళు" అనే ఉంది. తుప్పు మాట ఒక్కసారీ లేదు. 2019 నుంచి మాత్రం ఏటా "అడుగుభాగమంతా అండర్‌సీల్‌తో కప్పి ఉంది" అని రాస్తున్నారు.

అమ్మేవాళ్ళ ఫైల్లో జపాన్ ఎగుమతి కాగితం జిరాక్స్ ఉంది. దాంట్లో మీటర్ 74,000 కిలోమీటర్లు.

#8 లెక్కల_మాస్టారు

ఇదీ అసలు తమాషా. ఈ బండికి మూడు వయసులున్నాయి.

మొదటి లెక్క: ఎంఓటీ కాగితం నమ్మితే 1,18,000 మైళ్ళు. అందరూ ఇదే నమ్ముతారు, అమ్మేవాళ్ళతో సహా.

రెండో లెక్క: 2003లో వచ్చినప్పుడు మీటర్‌కి గేర్ అడాప్టర్ పెట్టో, మీటరే మార్చి పాత అంకె దిద్దో నిజంగా మైళ్ళలోకి మార్చారనుకుందాం. అప్పుడు 74,000 కిలోమీటర్లంటే 46,000 మైళ్ళు, ఆ పైన తిరిగిన 44,000 మైళ్ళు. మొత్తం 90,000.

మూడో లెక్క: మొదటితరం ఎంఎక్స్-5 మీటర్ కేబుల్‌తో తిరిగే పాతరకం. చాలామంది ఇంపోర్టర్లు తేలిక పని చేశారు. ముల్లు వెనక ఉండే డయల్ అట్ట మాత్రం మార్చి, దాని మీద మైళ్ళ అంకెలున్నది అతికించారు. స్పీడ్ గంటకి మైళ్ళలో సరిగ్గానే చూపిస్తుంది. కింద తిరిగే అంకెల చక్రాలు మాత్రం పాత పద్ధతిలో కిలోమీటర్లే లెక్కపెడతాయి. ఎంఓటీ టెస్టర్ డయల్ మీద మైళ్ళు చూసి మైళ్ళని నొక్కేస్తాడు. అలా అయితే బండి తిరిగింది 1,18,000 కిలోమీటర్లు, అంటే దాదాపు 73,300 మైళ్ళు. మీ ఎరుపుదానికంటే తక్కువ.

1,18,000కీ 73,300కీ మధ్య ఉన్నది నలభై అయిదు వేల మైళ్ళు. ఇది తేల్చకుండా బేరానికి కూర్చోకండి.

#9 రెండుసీట్లు_చాలు

తల తిరిగింది. ఎలా తేల్చాలి? ఫోన్ జీపీఎస్సా?

#10 లెక్కల_మాస్టారు

జీపీఎస్ అయినా ఫరవాలేదు. దానికంటే సులువైనది రోడ్డు పక్కనే ఉంది. మోటర్‌వే ఎడమ అంచున ప్రతి 100 మీటర్లకీ చిన్న తెల్ల గుంజ ఉంటుంది. 500 మీటర్లకోసారి నీలం బోర్డు మీద రోడ్డు పేరు, ఒక అక్షరం, కింద అంకె. ఆ అంకె కిలోమీటర్లు. ఈ దేశంలో అన్ని బోర్డులూ మైళ్ళే అయినా అవి మాత్రం కిలోమీటర్లలో ఉంటాయి, ఎందుకో చాలామంది గమనించరు.

టెస్ట్ డ్రైవ్‌లో మోటర్‌వే ఎక్కండి. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక నీలం బోర్డు దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేసి, పది బోర్డులు దాటాక చూడాలి. 5.0 చూపిస్తే కిలోమీటర్లు. 3.1 చూపిస్తే మైళ్ళు. నడిపేవాళ్ళు రోడ్డు చూడండి, మీటర్ కాదు.

#11 బాక్సర్_మోత

నాది సుబారు ఇంప్రెజా, జపాన్ ఎస్టీఐ. యూనోస్ సంగతి నాకంతగా తెలీదు, కానీ ఈ థ్రెడ్ చదివి టర్బో ఇంపోర్ట్ కొనేవాళ్ళు పొరబడకూడదని రాస్తున్నా. ఎంఎక్స్-5లో రెండూ అన్నదమ్ములే అన్నారు బాబాయ్. మాలో అలా కాదు.

జపాన్ టర్బో బండ్ల ఇంజన్ కంప్యూటర్ అక్కడి 100 ఆక్టేన్ పెట్రోల్‌కి ట్యూన్ చేసి ఉంటుంది. ఇక్కడ ప్రీమియం పంపులో దొరికేది 97 నుంచి 99, మామూలుది 95. 95 పోసి మోటర్‌వే మీద తొక్కితే సిలిండర్‌లో మంట ముందే అంటుకుంటుంది. మొదట చిన్నగా కంకరరాళ్ళ చప్పుడు, తర్వాత పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. నా స్నేహితుడి బండి మూడో నెలలో అలాగే పోయింది. ముందు ఓనర్ మామూలు పెట్రోలే పోసేవాడట. అందుకే జపాన్ టర్బో కొనేముందు "ఇక్కడి పెట్రోల్‌కి కంప్యూటర్ రీమ్యాప్ చేయించారా, కాగితం ఉందా?" అనేది మొదటి ప్రశ్న. దాని తర్వాతే రంగు, రిమ్ములు.

కానీ అందుకు తగ్గ లాభమూ ఉంది. అప్పట్లో జపాన్ ఎస్టీఐ 280 పీఎస్. అక్కడి కంపెనీలన్నీ అంతకు మించి కాగితం మీద చూపించకూడదని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. స్పీడ్ కూడా గంటకి 180 కిలోమీటర్ల దగ్గర కట్ అవుతుంది. ఇక్కడి టర్బో పవర్ దానికి చాలా దిగువన ఉండేది. జనం యూకే షోరూం వదిలేసి ఇంపోర్ట్‌ల మీద పడ్డారు. దాంతో సుబారు వాళ్ళు, ర్యాలీ కార్లు చేసే ప్రోడ్రైవ్‌తో కలిసి జపాన్ రెండు తలుపుల బాడీ తెచ్చి, ఇక్కడి రోడ్లకి, పెట్రోల్‌కి సరిచేసి, పీ1 అని వెయ్యి బండ్లు చేశారు. ఇంపోర్ట్‌కి పోటీగా ఇంపోర్ట్‌లాంటిదాన్ని కంపెనీయే తయారు చేసిందన్నమాట.

#12 స్పానర్_బాబాయ్

మోత చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. టర్బో లేని యూనోస్ 1.6కి ఆ బెడద లేదు. జపాన్‌లోనే అది మామూలు పెట్రోల్ మీద నడిచేది. వాళ్ళ మామూలు పెట్రోల్ ఆక్టేన్ మన 95 కంటే తక్కువ.

#13 కొత్తగా_చేరిన_కిట్టు

అమెరికా మియాటా (అక్కడ ఎంఎక్స్-5 పేరు) తెప్పించుకుంటే? కాలిఫోర్నియాలో వాన లేదు, ఉప్పు లేదు.

#14 స్పానర్_బాబాయ్

స్టీరింగ్ ఎడమవైపు తమ్ముడూ. హెడ్‌లైట్ల వెలుగు ఎదురొచ్చేవాడి కళ్ళలోకి వంగుతుంది, అవి మార్చాలి. జపాన్ వాళ్ళూ మనలాగే రోడ్డుకి ఎడమపక్కన నడుపుతారు కాబట్టి ఆ గొడవ యూనోస్‌కి లేదు.

#15 ఓడెక్కిన_బండి

ఇక్కడ ఎవరో వాడేసినదాన్ని ఎందుకు, నేరుగా జపాన్ వేలం నుంచి తెప్పించుకోవచ్చు కదా అని ఎవరూ అడగలేదేంటి? 2022లో నేను అదే చేశా. 1990 యూనోస్, వెండి రంగు.

ఇంటర్నెట్‌లో వేలం షీట్ పంపిస్తారు. బండి బొమ్మ గీసి, ఎక్కడ ఏముందో కోడ్లు రాస్తారు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే రిపేర్ చేసిన అల, పక్కన 1 నుంచి 3 అంకె దాని తీవ్రత. నేను వెతికింది రెండే అక్షరాలు: ఎస్ అంటే తుప్పు, సీ అంటే తినేసిన తుప్పు. సీ కనిపిస్తే షీట్ మూసేసేవాణ్ణి. మొత్తం మార్కు 4 అంటే బాగుంది, 3.5 అంటే వయసుకి తగ్గట్టుంది, ఆర్ అంటే ప్రమాదం తర్వాత రిపేరైంది. నాది 3.5. ముప్పై ఏళ్ళ బండికి 4.5 మార్కుంటే నాకైతే ముచ్చట కంటే అనుమానమే ఎక్కువ వస్తుంది.

ముప్పై ఏళ్ళు దాటి, మోడల్ తయారీ ఆగిపోయి, బండి పెద్దగా మార్పుల్లేకుండా ఉంటే కస్టమ్స్ దాన్ని సేకరణ వస్తువు కింద తీసుకునే వీలుంది. అప్పుడు సుంకం లేదు, వీఏటీ 20 బదులు 5 శాతం. టర్బోలు, పెద్ద రిమ్ములు బిగించినదైతే ఇది పనిచేయకపోవచ్చు. బండి దిగిన 14 రోజుల్లో పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి నోవా అనే పద్ధతిలో చెప్పాలి. పదేళ్ళు దాటినదైతే ఐవీఏ అనే ఆమోద పరీక్ష అక్కర్లేదు. మైళ్ళ స్పీడోమీటర్, వెనక ఫాగ్ లైట్ పెట్టించి, ఎంఓటీ చేయించి, రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకి ఫారం పంపితే నంబర్ వస్తుంది.

ఇంత సులువా అంటే, కాదు. డబ్బు కట్టింది చలికాలంలో, తాళం చేతికొచ్చింది వేసవి చివర్లో. ఓడ ఎక్కడుందో వెబ్‌సైట్‌లో చూసుకుంటూ కూర్చోవడం ఒక పని అయిపోయింది. కానీ బండి లిఫ్ట్ ఎక్కించినప్పుడు కింద ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ అలాగే కనిపించింది. ఆ క్షణం కోసం మళ్ళీ చేస్తా. ఆ వారమే అండర్‌సీల్ వేయించా, తుప్పుభయం గారూ, మీ పాత పోస్టులు చదివి.

#16 తుప్పుభయం

నా 1,600 పౌండ్లు ఎవరికో ఒకరికి పనికొచ్చాయన్నమాట.

#17 చలానా_చంద్రి

ఇన్సూరెన్స్ మాట ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తా. నాకు యూనోస్ ఉంది. ధరలు పోల్చే వెబ్‌సైట్లలో కొన్నిటికి "యూనోస్" అనే పేరే తెలియదు. వీ5సీలో (రిజిస్ట్రేషన్ కాగితం) కొన్ని బండ్లకి యూనోస్ అని, కొన్నిటికి మాజ్దా అని ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఇంపోర్ట్ అనీ చెప్పాలి. దాచి యూకే బండి అని చెప్తే యాక్సిడెంట్ రోజున ఏడవాల్సి వస్తుంది. పాత కార్లకి పాలసీలిచ్చే స్పెషలిస్టులకి ఫోన్ చేయండి. ఏడాదికి ఇన్ని మైళ్ళే అని ఒప్పుకుని, బండి విలువ ముందే రాయించుకుంటే నాకు మా ఫ్యామిలీ కారుకంటే తక్కువే పడింది.

లండన్ వైపు వెళ్తారా? అక్కడ యూలెజ్ అనే కాలుష్య నియంత్రణ ప్రాంతం ఉంది. యూలెజ్‌కి పెట్రోల్ బండి యూరో 4 ప్రమాణానికి సరిపోవాలి. మీ రెండు బండ్లూ కావు. అడుగుపెట్టిన రోజుకి 12.50 పౌండ్లు.

ఇంకో చిరాకు. 2001 మార్చికి ముందు బండ్లకి రోడ్ ట్యాక్స్ 1549 సీసీ గీత దగ్గర రెండుగా విడిపోతుంది. మన ఇంజన్ దాన్ని దాదాపు యాభై సీసీలతో దాటేస్తుంది. హిరోషిమాలో కొంచెం సన్నగా చెక్కి ఉంటే ఏం పోయింది.

#18 వీ_స్పెషల్_పిచ్చి

జపాన్ ఒరిజినల్ రేడియో ఉంటే తీయకండి బ్రో. అక్కడ ఎఫ్ఎం అప్పట్లో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉండేది. ఇక్కడ 88 నుంచి 90 మధ్య దాదాపుగా ఉన్నది బీబీసీ రేడియో 2 ఒక్కటే. ఇక జన్మంతా అదే వింటారు.

#19 తుప్పుభయం

రెండుసీట్లు గారూ, శనివారం వెళ్తున్నారని వేరే థ్రెడ్‌లో చూశా. ఆకుపచ్చదాని కింద 2019 నుంచి నల్లగా పూశారన్నారు. దాని కింద ఏముందో అని నా గుండె కొట్టుకుంటోంది. మంచి రేకు మీద పూస్తే అది రక్షణ, తుప్పు మీద పూస్తే అది ముసుగు. జేబులో రెండు వస్తువులు పెట్టుకెళ్ళండి: ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం, ఒక పొడుగాటి కేబుల్ టై.

అయస్కాంతం మెత్తటి బట్టలో చుట్టి వెనక చక్రాల పైన, సిల్స్ పొడుగునా జరపండి. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ లప్పం ఉంది.

కేబుల్ టై దేనికంటే: టాప్ మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోంచి కిందకి పోతాయి. ఆకులు అడ్డం పడితే నీళ్ళు సిల్‌లోకి దిగుతాయి. ఎంఎక్స్-5ని చంపేది ఎక్కువగా ఇదే. ఉప్పు బయటనుంచి తింటే ఇది లోపలనుంచి తింటుంది. కేబుల్ టై మెల్లగా దింపండి. ఆడితే సరే. ఇరుక్కుంటే, తర్వాత సిల్ కింద ఏం కారుతుందో చూడండి.

#20 రెండుసీట్లు_చాలు

వెళ్ళొచ్చాను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, క్షమించండి.

ఉదయం ఎరుపుది. దాని ఓనర్ చాలా మంచివాడు, టీ కూడా ఇచ్చాడు. పుల్లీ చూశా బాబాయ్, నాలుగు గాళ్ళు. పొట్టి ముక్కే. ఇంజన్ ఆన్ చేసి చూస్తే పుల్లీ ఊగడం లేదు. తర్వాత కేబుల్ టై తీశా. కుడివైపు సాఫీగా దిగింది. ఎడమవైపు జానెడు దిగి ఆగిపోయింది. కొంచెం కదిపితే లోపల "గుళుక్" మంది. ఒక నిమిషానికి వెనక చక్రం ముందునుంచి నల్లటి నీళ్ళు చుక్కచుక్కగా మొదలై తర్వాత ధారగా కారాయి. నేనూ ఆయనా ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాం. వారం రోజులుగా మా వైపు వాన లేదు. ఆయన మెల్లగా "నేను ఎప్పుడూ గరాజ్‌లోనే పెట్టాను" అన్నాడు, ఎవరో చనిపోయినప్పుడు చెప్పినట్టు. నాకే బాధేసింది.

మధ్యాహ్నం ఆకుపచ్చది. మా ఆవిడ కూడా వచ్చింది. మోటర్‌వే ఎక్కి, మాస్టారు చెప్పినట్టే తను నీలం బోర్డు దగ్గర ట్రిప్ సున్నా చేసింది. పది బోర్డులు గట్టిగా లెక్కపెట్టింది. 5.0. మళ్ళీ చేశాం. మళ్ళీ 5.0. కిలోమీటర్లే! బండి తిరిగింది 73,000 మైళ్ళు.

డ్రెయిన్లు రెండూ ఆడాయి. ఇంజన్ దగ్గర బానెట్ కింద జపనీస్ స్టిక్కర్ ఒకటుంది. ఫోన్‌తో చదివిస్తే టైమింగ్ బెల్ట్, 68,000 కిలోమీటర్లు, హెయిసెయి 13 అని వచ్చింది.

అండర్‌సీల్ కింద ఏముందో నాకు అర్థం కాలేదు. కానీ అయస్కాంతం ఎడమ వెనక చక్రం పైన అరచేయంత మేర జారిపోయింది.

ఇప్పుడు నా సమస్య వేరు. కిలోమీటర్ల సంగతి అమ్మేవాళ్ళకి తెలియదు. చెప్పాలా వద్దా?

#21 కొత్తగా_చేరిన_కిట్టు

చెప్పకండి అన్నా! లక్షా పద్దెనిమిది వేల మైళ్ళ ధరకే తీసుకోండి.

#22 చలానా_చంద్రి

చెప్పేయండి. కొన్నాక ఎంఓటీలో యూనిట్ మార్పిస్తారు కదా, అప్పుడు వాళ్ళు వెబ్‌సైట్‌లో చూసుకుంటే మీకే సిగ్గుగా ఉంటుంది.

#23 లెక్కల_మాస్టారు

హెయిసెయి 1 అంటే 1989, కాబట్టి 13 అంటే 2001. మైళ్ళ లెక్కలో ఆ బెల్ట్‌కి ఇంకా ఆయుష్షు ఉన్నట్టు కనిపిస్తుంది. ఏళ్ళ లెక్కలో ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత మార్చిన బిల్లు ఫైల్లో లేకపోతే మార్చలేదనే అనుకోండి. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. బెల్ట్ మాత్రం మార్చాల్సిందే.

#24 స్పానర్_బాబాయ్

ఎరుపుది వదిలేయండి తమ్ముడూ. పొట్టి ముక్కుతో బతకొచ్చు, సిల్‌లో నీళ్ళతో బతకలేం. ఆకుపచ్చదాన్ని డబ్బు కట్టేముందు ఒక గంట లిఫ్ట్ ఎక్కించండి. సిల్ కింద, సస్పెన్షన్ బిగించే చోట్ల నల్లపూత కొంచెం గీకనిమ్మని అడగండి. ఒప్పుకుంటే సగం మంచి గుర్తు. ఒప్పుకోకపోతే పూర్తిగా చెడ్డ గుర్తు.

#25 రెండుసీట్లు_చాలు

లిఫ్ట్ ఎక్కించాం. నాలుగు చోట్ల గీకాడు మెకానిక్. మూడు చోట్ల రేకు శుభ్రంగా ఉంది. ఎడమ వెనక చక్రం పైన, అయస్కాంతం జారిన చోట, లోపలివైపు తుప్పు. సిల్ వరకు రాలేదు. ఒక ప్యాచ్ వెల్డింగ్‌తో పోతుందన్నాడు.

కిలోమీటర్ల సంగతి చెప్పేశాను. మా ఆవిడ చెప్పమంది, నాకూ రాత్రి నిద్రపట్టలేదు. అమ్మే ఆయన విని పెద్దగా నవ్వి, "అయితే నేను తక్కువకి అమ్ముతున్నట్టే కదా" అని అక్కడికక్కడే 300 పౌండ్లు పెంచాడు. కిట్టు తమ్ముడూ, నువ్వు ఇప్పుడు నవ్వుకో. అప్పుడు నేను అయస్కాంతం తీసి ఆయన చేతికిచ్చి "ఇక్కడ పెట్టి చూడండి" అన్నా. అది జారి నేల మీద పడింది. పెంచిన 300 పోయింది, ఇంకో 500 పోయింది, బెల్ట్ పేరు చెప్తే 200 పోయింది. ఈరోజు సాయంత్రం బండి మా ఇంటి ముందుంది. వచ్చే దారంతా రేడియో 2.

#26 వీ_స్పెషల్_పిచ్చి

ఫొటోలు!!! పాప్-అప్‌లు ఎత్తి పెట్టిన ఫొటో మొదట.

#27 తుప్పుభయం

శుభాకాంక్షలు. వెల్డింగ్ అయ్యేదాకా వానలో తీయకండి. అయ్యాక లోపలికి వ్యాక్స్ కొట్టించండి, పైన నల్లరంగు పూసి వదిలేయొద్దు.

#28 రెండుసీట్లు_చాలు

రేపు పగటి వెలుగులో పెడతా. ఈలోగా ఒక సందేహం. పక్క సీటు వాళ్ళ కాళ్ళ దగ్గర, డాష్‌బోర్డ్ కింద క్లిప్‌లో ఎర్రటి ప్లాస్టిక్ గొట్టం ఒకటుంది. జానెడు పొడవు, మీద జపనీస్ రాత. మా అబ్బాయి పీకి ఆడుకుంటున్నాడు. ఏంటది?

#29 ఓడెక్కిన_బండి

వెంటనే వాడి చేతిలోంచి తీసుకోండి! అది రోడ్డు మీద బండి ఆగిపోతే వెలిగించే నిప్పు కాగడా. జపాన్‌లో కార్లలో మామూలుగా ఉంటుంది. ముప్పై ఏళ్ళనాటిదైతే గడువు ఎప్పుడో దాటింది. మూత తీయకండి, చెత్తబుట్టలో వేయకండి. ఎక్కడ అప్పగించాలో సోమవారం కౌన్సిల్‌కి ఫోన్ చేసి అడగండి. క్లిప్ మాత్రం ఉంచుకోండి, మాకు అందులో గొడుగు పడుతుంది.